అరవై మూడు

నవంబర్ 13, బుధవారం. హైదరాబాద్

ఆరు గంటల గోలి ఇచ్చిన్రు. ఎనిమిదింటికి ఇంకోటి. సెలైన్ నడుస్తనే ఉన్నది.

రక్తం తీసుకపోయిన్రు. 1840 అని చిట్టీ ఇచ్చిన్రు. ఇది ఎక్కువనా తక్కువనా అని అడుగుదామనుకున్న. నోరు రాలేదు.

నవంబర్ 14

1120.

ఈ నోట్‌బుక్కు ఆయన కొనిచ్చిండు, గోలీల టైములు రాసిపెట్టమని. "నీ రాత మంచిగుంటది, నువ్వే రాయి" అన్నడు. ఏడో తరగతి దాకా చదివినందుకు ఆ ఒక్క మెప్పు దక్కింది. మామ గుండె ఆపరేషన్ మంచిగైందని తెలవంగనే ఆయన గోదావరిఖని పోయిండు. ఆటో కిరాయిది, వారం రోజులు నిలబెడితే ఓనరు ఇంకొకనికి ఇచ్చేస్తడు. అత్తకు మోకాళ్ల నొప్పులు. ఇగ మిగిలింది నేను.

పెండ్లయి రెండేండ్లు. మామ ముందర నేను కూసున్నది లేదు, పది మాటలు మాట్లాడింది లేదు. ఇప్పుడు మామ మంచం పక్కన స్టూలు మీద కూసొని, మామ ఎద మీది కుట్లు చూస్తున్న. కొంగు నెత్తి మీదికి లాగుకుంటే నర్సు నవ్వింది. "ఇక్కడ సిగ్గుపడితే పేషెంటుకు నీళ్లెవరు తాపుతరు చెల్లె?" అన్నది. డెబోరా అక్క ఆమె పేరు. మందమర్రి బిడ్డ. వాళ్ల నాయిన కూడ బొగ్గు బాయిలనే చేసిండట. నేను ఒక్క మాట మాట్లాడంగనే మా దిక్కుదాన్నని పట్టేసింది.

నవంబర్ 15

610.

మామకు మంచిగ తెలివి వచ్చింది. డెబోరా అక్క చార్టు రాస్తుంటే అడిగిండు, "దినాం రక్తం గుంజుతున్నరు, దాంట్ల ఏం చూస్తున్నరు బిడ్డా?"

అక్క నా దిక్కు తిరిగి చెప్పింది. గుండె కండకు దెబ్బ తగిలితే దాంట్లోంచి ఒక పదార్థం రక్తంలోకి కారుతదట. ట్రోపోనిన్ అంటరట. గుండెపోటు వచ్చిందా లేదా దాంతోనే తెలుస్తదట.

"కాని ఆపరేషన్ అంటేనే గుండెను ఆపి నరాలు కుట్టుడాయె. అందుకే ఆపరేషన్ అయినోళ్లందరికి మొదలు ఎక్కువనే ఉంటది. ఒక్క నంబరు చూసి ఏం చెప్పరాదు. నిన్న ఎంత, ఇయ్యాల ఎంత, అది చూడాలె. దినదినం దిగాలె. దిగి దిగి మళ్ల ఎక్కిందనుకో, కుట్టిన నరం మూసుకపోయి కొత్తగ పోటు వచ్చినట్టు. అప్పుడు ఒక్క గంట కూడ ఆగద్దు చెల్లె."

ఇక్కడి డాక్టర్లు దాని మీదనే ఏదో చదువు రాస్తున్నరట. అందుకే ఇంటికి పోయే దినం దాకా రెండు మూడు దినాలకొకసారి రక్తం తీస్తరట.

మామ కండ్లు మూసుకొని విన్నడు. "సమజైంది. మా కప్పు లెక్కనే" అన్నడు.

మామ బాయిలో సపోర్ట్‌మన్. లోపల పైకప్పు కూలకుండ మొద్దులు నిలబెట్టి బోల్టులు బిగించే పని. ఇరవై ఏడేండ్ల నుంచి అదే. షిఫ్టుల దిగంగనే మొదలు ఇనుప కడ్డీతోని కప్పును కొట్టి చూస్తరట.

"గట్టి కప్పు ఖంగుమంటది. పగిలింది బోలు డబ్బ తీరుగ పలుకుతది. ఈ రెంటితోని పరేషాన్ లేదు. నడుమ ఉండేటిదే మోసం చేస్తది. నిన్న ఎట్ల పలికిందో చెవుల పెట్టుకోని ఇయ్యాల వినాలె. మాట మారిందా, ఉరుకున్రి అని కేక పెట్టాలె. విన్నోడు కేక పెట్టకపోతే కిందున్నోడు సచ్చినట్టే."

మామ నాతోని ఇన్ని మాటలు మాట్లాడుడు ఇదే మొదలు.

నవంబర్ 17

"నంబరెంత బిడ్డా?"

"రెండు వందల నలభై మామ."

"ధర దిగింది. ఇంకింత దిగనీ, మీ అత్తకు ఒక కిలో కొనుకపోదాం."

నవ్వితే కుట్లు గుంజినయి. ఎద మీద దిండు ఒత్తుకొని మళ్ల నవ్విండు. నేను గోడ దిక్కు తిరిగి నవ్విన.

నవంబర్ 20

63.

ఇయ్యాల ఇంటికి పంపుతున్నరు. మామ నంబరు అడుగక ముందే చెప్పిన. "అరవై మూడా!" అన్నడు, పరీక్ష పాసైన పిలగాని తీరుగ. నాలుగు సార్లు అనుకున్నడు, అరవై మూడు, అరవై మూడు అని.

మూడు నెలలు రెస్టు తీసుకోవాలట. అటెన్క బాయిలకు దిగకుండ పైన ఉండే తేలిక పని చెయ్యొచ్చని డాక్టరు చెప్పిండు. మామ సంతోషపడ్డడు. "చూసినవా వేణూ, మళ్ల డ్యూటీ ఎక్కుత" అన్నడు.

మమ్ముల తోలుకపోను వచ్చిన ఆయన సంచులు సర్దుతనే ఉన్నడు.

నవంబర్ 22. ఇల్లు

రాజం కాక వచ్చిండు. బాయి ఆఫీసుల క్లర్కుగ చేసి రిటైరైండు. మా కాలనీలో ఎవరి ఫైలు అయినా కాక చెయ్యి పడాల్సిందే. మంచం మీద కాగితాలన్నీ పరిచిండు. మామ గోడకు ఆనుకొని కూసున్నడు.

"ఏం సదయ్యా, మళ్ల డ్యూటీ ఎక్కుతవట? పిచ్చి లేసిందా నీకు? ఎద కోయించుకున్నవ్. కంపెనీ మెడికల్ బోర్డుకు పెట్టుకో. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాసిన్రంటే నీ నౌకరి నీ కొడుకుకు వస్తది. పోరడు డిగ్రీ చదివి కిరాయి ఆటో తోలుతాండు, కనవడ్తలేదా?"

"హైదరాబాద్ డాక్టరు పని చెయ్యొచ్చన్నడు గద రాజన్నా."

అత్త ఎల్లిపాయ వొలుస్తున్నదల్లా తలెత్తింది. "అంటడు, ఎందుకనడు? ఆయన కొడుకు ఆటో తోలుతాండా? నువ్వు డ్యూటీకి పో. నీ కొడుకు నీ టిఫిన్ డబ్బ పట్టుకోని గేటు దాక దించొస్తడు, కిరాయి లేకుంట."

ఆయన కడపల నిలబడి గోరు కొరుక్కుంటున్నడు.

కాక చిట్టీలు చూసిండు. డిశ్చార్జి కాగితంలో ఈ నంబర్లు లేవు, ఇవన్నీ వేరే చిట్టీలు. 1840ది చేతిల పట్టుకొని, "అబ్బో, గింత పెద్ద నంబరా! ఇది పైన పెట్టున్రి. బోర్డోళ్లు తెరవంగనే ఇదే కనవడాలె" అన్నడు. దాని కింద 1120. దాని కింద 610. తర్వాత కండ్లద్దాలు సర్దుకున్నడు. "ఇదేంది, రెండు వందల నలభై? ఇంకోటి అరవై మూడు? ఇవి చూస్తే మనిషి మంచిగైండని రాస్తరు. ఇవి ఫైల్ల ఉండద్దు. ఎవలడిగినా ఇయ్యలేదని చెప్పున్రి."

నేను చాయ గ్లాసులతోని నిలబడ్డ. కాకా, అన్ని కలిపి చూస్తేనే దాని అర్థం తెలుస్తది అని చెప్పాలనుకున్న. చాయ మీద మీగడ కట్టింది.

ఆయన ఆ రెండు చిట్టీలు నా చేతిల పెట్టిండు. "చింపెయ్" అన్నడు.

చింపలేదు. ఈ నోట్‌బుక్కులో పెట్టిన. ఎందుకో తెల్వదు. అరవై మూడు అన్నప్పుడు మామ మొఖం అట్లుండె.

నవంబర్ 23

నౌకరి వస్తే క్వార్టరు ఖాళీ చేసే బాధ ఉండదు. మా చిన్నమ్మ బిడ్డ రాజకుమారి మొగడు పర్మినెంటు. పెండ్లిండ్లల్ల దాన్ని చెయ్యి పట్టి ముందల కూసోబెడుతరు. నన్ను వంటల కాడ పిల్లలను చూసుకొమ్మంటరు.

ఇది రాసుడు తప్పేం కాదు.

నవంబర్ 25, సోమవారం

గోదావరిఖని దవాఖాన. బెంచి మీద కూసొని రాస్తున్న.

పొద్దున ఎనిమిదింటికి మామ పండ్లు తోముకోను కూసున్నడు, లేవలేదు. దవడ గుంజుతున్నదన్నడు. అంగి అంతా చెమట. ఆయన ఆటోల ఏసుకొని వచ్చినం. ఈసీజీ తీసిన్రు. రక్తం తీసిన్రు.

410.

డాక్టరు చిన్నోడే, నిమ్మలంగ మాట్లాడుతడు. ఫైలు తిప్పి తిప్పి చూసిండు. "ఆపరేషనైన గుండె, ఈసీజీ ముందు నుంచే మారి ఉంటది. దాంతోని తేలదు. రక్తం చూస్తే 1840, 1120, 610, ఇప్పుడు 410. ఆపరేషన్‌దే ఇంకా దిగుతున్నదేమో అనిపిస్తది. కాని పదమూడో రోజుకు ఇంత ఉండుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. ఇంటికి పంపిన రోజు రక్తం చూసిన్రా? ఆ నంబరుంటే ఇప్పుడే చెప్పేస్తా."

ఆయన నా దిక్కు చూడలేదు. "లేదు సార్. వాళ్లిచ్చినయి ఇవే" అన్నడు.

"హైదరాబాదుకు ఫోన్ చేయిస్తున్న, తగుల్తలేదు. సరే, మూడు గంటలాగి మళ్ల తీద్దాం. ఎక్కితే కొత్త పోటు, వెంటనే కరీంనగర్ పంపుతా. దిగితే భయం లేదు."

నాలుక కింద గోలి పెట్టిన్రు. మామ పైన తిరిగే పంకను చూస్తున్నడు. కండ్లు తెరిచే ఉన్నయి.

పదిన్నరకు తీసిన్రు. ఒంటిగంటన్నరకు మళ్ల తీస్తరు. ఇప్పుడు పదకొండుకు పది తక్కువ.

పదకొండున్నర. నొప్పి తగ్గిందా మామా అంటే తగ్గిందని తలూపిండు. పెదవులు తెల్లగున్నయి.

పన్నెండు. ఆయన బయట రాజం కాకకు ఫోన్ చేస్తున్నడు. "అడ్మిట్ చేస్తే మన ఫైలు ఆగుతదా కాకా?" అంటున్నడు. తర్వాత గోడకు తల ఆనించి నిలబడ్డడు. ఏడుస్తున్నడేమో, ఈపు కదులుతున్నది.

పన్నెండుంబావు. డాక్టరు రెండోసారి వచ్చి నాడి చూసిండు. పోతా పోతా నా కాడ ఆగి, "ఏమన్న చెప్పాల్నా అమ్మా?" అన్నడు.

ఏం లేదని తలూపిన.

ఒంటిగంటన్నర. మళ్ల తీసిన్రు.

1390.

నవంబర్ 27. కరీంనగర్

కుట్టిన నరాల్లో ఒకటి మూసుకపోయిందట. తొడ నుంచి తీగ పంపి తెరిచిన్రు. మామ బతికిండు.

"ప్రాణం దక్కింది. కాని గుండె కండ సగానికి పైన పనికి రాకుంట పోయింది. పొద్దున్నే పంపిస్తే చాలా మిగిలేది" అన్నడు ఇక్కడి పెద్ద డాక్టరు. మా ఆయన వినుకుంట వినుకుంట కింద కూలబడ్డడు. లేపితే లేవలేదు.

ఆ దినం నోట్‌బుక్కు నా తాన లేకుండె. ఇంట్లో పెట్టెలో ఉండె. ఉంటే చూపిస్తుంటి.

నవంబర్ 28

పెట్టెలోనే ఉండె.

డిసెంబర్ 7

ఇంటికి తెచ్చినం. డెబోరా అక్క ఫోన్ చేసింది. "మామ ఎట్లున్నడు చెల్లె? నంబరు దిగిందా?" అన్నది.

మంచిగున్నడు అక్కా అన్న. పొయ్యి మీద అన్నం ఉన్నదని ఫోన్ పెట్టేసిన.

డిసెంబర్ 16

మామ పొద్దున లేవంగనే అడిగిండు. "నంబరెంత బిడ్డా?"

ఇప్పుడు దినాం రక్తం తీసేటోళ్లెవరు? మామనే అన్నడు, "ఏదో ఒకటి లెక్క పెట్టరాదు. పొద్దు పోతది."

మామ మంచం నుంచి వాకిలి గడప దాకా ఇరవై రెండు అడుగులు. నేను పక్కన చెయ్యి ఆనించకుండ నడిచిన. పద్నాలుగు అడుగులేసి గోడ పట్టుకున్నడు. తలుపు సందుల ఇరికిన కోడి తీరుగ ఎద కొట్టుకుంటున్నది, అంగి మీదికెళ్లి కనపడుతున్నది.

"పద్నాలుగు మామ."

"రాసుకో."

జనవరి 5

అత్త నీళ్లకు పోయినప్పుడు ఆయన వంటింట్లకు వచ్చిండు. నెల రోజులాయె, ఆయన నాతోని సక్కగ మాట్లాడక.

"ఆ చిట్టీ చింపినవ్ గదా?"

"చింపిన."

"అది ఆ దినం ఉంటే... ఫరకుంటుండెనా?"

"ఏమో."

"ఏమో అనకే." కూరగిన్నె మూత తీసి మళ్ల పెట్టిండు. "లేదు అను."

"లేదు" అన్న.

బయటికి పోయి ఆటో కడిగిండు. పొద్దున్నే ఒకసారి కడిగిండు గద.

జనవరి 19

పదమూడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

బోర్డు అయింది. అన్‌ఫిట్ రాసిన్రు.

మామను ఇద్దరు పట్టుకొని ఆటో దించిన్రు. రాజం కాక వెనకంగ ఫైలు పట్టుకొని వచ్చిండు. సంగతి కాకనే చెప్పిండు. బోర్డు డాక్టర్లు ఫైలు తెరవనే లేదట. పాత కాగితాలతోని మాకు పని లేదు, మా పరీక్షలు మేమే చేసుకుంటం అన్నరట. గుండె స్కాన్ తీసి, నూటికి ఇరవై ఐదు వంతులే పని చేస్తున్నదని చూసి, ఒక్క మాట అడగకుండ రాసిన్రట.

1840 చిట్టీ పైననే ఉన్నది. పెట్టింది పెట్టినట్టే. దాని అంచు కూడ నలుగలేదు.

అత్త లడ్డూలు తెప్పించింది. కాలనీలో ఇంటింటికి నేనే పంచిన. "అన్‌ఫిట్ అయిండట గద, మంచిదాయె!" అన్నరు అందరు. పక్కింటి ఎల్లన్న పెండ్లాం నా చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "ఇగ నువ్వు నౌకరోని పెండ్లానివి. మమ్ముల యాది పెట్టుకో" అన్నది. మొన్నటి దాకా ఆమె నన్ను పేరు పెట్టి కూడ పిలువలే, ఆటో ఆమె అనేది. నవ్విన. నాకు సంతోషమైంది. అది కూడ రాయాలె. అప్పుడు ఆ ఒక్క గడియ నాకు సంతోషమైంది.

ఇంటికొచ్చేసరికి అత్త మామ నోట్లో లడ్డు ముక్క పెడుతున్నది. మామ నమలుతున్నడు. నమలను కూడ ఆయాసపడుతున్నడు.

ఫిబ్రవరి 19

మధ్యానం. అత్త లేదు, ఆయన లేడు. గంజి తాపుతుంటే మామ చెంచా ఆపిండు.

"బిడ్డా, ఇంటికి పంపిన దినం నంబరెంతుండె?"

"యాదికి లేదు మామ."

"నాకున్నది. అరవై మూడు."

చెంచా ఒరిగింది. గంజి దుప్పటి మీద పడ్డది.

"గా దినం దవాఖానల డాక్టరు అడిగింది విన్న. వేణుగాడు లేదన్నది విన్న. నువ్వు సంచిని పొట్టకు ఒత్తుకున్నది చూసిన. దాంట్ల నీ బుక్కు ఉంటదని నాకు ఎరుకే. నువ్వు దినాం రాసుకుంటవ్ గద."

అవును. రాస్తున్న. నోట్‌బుక్కు పెట్టెలో లేదు. సంచిలో ఉండె. మూడు గంటలు నా ఒళ్లోనే ఉండె. చిట్టీ దాంట్లోనే ఉండె. నవంబర్ 25 తీసి చూస్తే ఎవరికైనా తెలుస్తది, బెంచి మీద కూసొనే రాసిన. చూపిస్తుంటి అని 27నాడు రాసిన. 410 అంటే ఏందో ఆయనకు తెల్వదు. అత్తకు తెల్వదు. రాజం కాకకు తెల్వదు. డెబోరా అక్క చెప్పింది నాకు. ఆ దవాఖానలో దాని అర్థం తెలిసి, కాగితం చేతిల పెట్టుకున్న మనిషిని నేను ఒక్కదాన్నే. డాక్టరు నా ముందరికొచ్చి అడిగిండు కూడ.

మొగని మాట కాదని పరాయి మనిషి ముందల ఎట్ల చెప్పాలె అనుకున్న. అది నిజమే. కాని అది సగం. రాజకుమారి పక్కన ముందల కూసోవాలనుకున్నది మిగిలిన సగం.

ఇదంతా మామకు చెప్పలేదు. ఒక్క మాట అడిగిన. మామను నేను ప్రశ్న అడుగుడు ఇదే మొదలు.

"మరి నువ్వెందుకు చెప్పలే మామ? నీకు నోరుండె గద."

మామ చానసేపు పైకి చూసిండు. ఇంటి కప్పును.

"నేనెట్ల చెప్తనే? చెప్తే అప్పుడే తీస్కపోయి మంచిగ చేస్తుండిరి. మంచిగైనోన్ని బోర్డు ఏం చేసుకుంటది? మూడు గంటలల్ల ఏమైతది తియ్యి అనుకున్న. కొంచెం ఖరాబైతే కానీ, పోరనికి నౌకరైతది అనుకున్న." కాసేపు ఊపిరి కూడదీసుకున్నడు. "కొంచెమే అనుకున్న బిడ్డా. గింత అనుకోలే."

నేను దుప్పటి తుడుస్తనే ఉన్న.

"ఇరవై ఏడేండ్లు, ఎవడు కప్పు మాట విని గమ్మునున్నా తన్నిన నేను. గా దినం ముగ్గురం ఉంటిమి ఆ అర్రల. ఒక్కలం కేక పెట్టలే."

ఇట్ల విన్నంక మనసు తేలికైతదేమో అనుకున్న. కాలేదు. మామ నన్ను తిట్టలేదు. పోనీ తియ్యి అని కూడ అనలేదు. తన వంతు తను తీసుకున్నడు. నా వంతు నాకే ఉంచిండు.

ఫిబ్రవరి 20

మామ ఆశపడ్డది కొడుకు కోసం. ఎద తనది. ఖరాబు చేసుకునే హక్కు తనకున్నది.

నాది కాదు గద ఆ ఎద.

మార్చి 11

పన్నెండు. పన్నెండు. పదకొండు.

ఏప్రిల్ 24

ఆయనకు నౌకరి ముందు పరీక్షలు చేసిన్రు. కండ్లు, చెవులు, ఊపిరి, రక్తం. అన్ని మంచిగున్నయని రాసిన్రు. ఆ కాగితం తెచ్చి కొత్త ఫైల్ల అన్నిటికంటే పైన పెట్టుకున్నడు. పెట్టినంక ఒకసారి నా దిక్కు చూసిండు. నేను చూడనట్టు చీపురు తీసుకున్న.

మే 18

రాజకుమారి ఆడబిడ్డ పెండ్లి. నన్ను చెయ్యి పట్టి ముందల కూసోబెట్టిన్రు.

కుర్చీ కాళ్లు సమంగ లేవు. కదిలితే చప్పుడైతుంటే అట్లనే బిగబట్టి కూసున్న.

జూన్ 2, సోమవారం

ఆయన ఇయ్యాల మొదటి షిఫ్టు. పొద్దున్నే లేచి రొట్టెలు చేసి, పచ్చిపులుసు డబ్బాలో పోసిన. మామ బూట్లే ఆయనకు సరిపోయినయి. అత్త దిష్టి తీసి, గడప అవతల నిలబడి ఏడ్చింది, నవ్వింది.

ఆయన వంగి మామ కాళ్లు మొక్కిండు. మామ నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

"లోపల దిగంగనే మొదలు కప్పును కొట్టి వినాలె వేణూ. నిన్న ఎట్ల..."

అక్కడ ఆగిండు. ఆయన తల వంచుకొనే ఉన్నడు. నేను టిఫిన్ డబ్బ మూత నొక్కి నొక్కి పెట్టిన, అది ఎప్పుడో పట్టింది.

"సరే, పో. టైమైతాంది" అన్నడు మామ.

ఆయన పోయినంక అత్త నీళ్ల కాడికి పోయింది. మామ కాళ్లు కిందికి దించిండు. నేను పక్కన నడిచిన. వాకిలి దిక్కు ఎండ అప్పుడే కడప దాటి లోపలికి వచ్చింది. మామ దాని దాకా పోలేదు. గోడ పట్టుకొని నిలబడ్డడు, తర్వాత గోడ పట్టుకొనే కూసున్నడు. నేను విసనకర్ర తెచ్చిన.

ఆయాసం తీరినంక అడిగిండు.

"నంబరెంత బిడ్డా?"

"పదిహేను మామ."

"మొన్న పది అంటివి గద."

"ఎక్కింది."

"ఎక్కుడు మంచిదేనా?"

"ఇది ఎక్కాలె మామ. ఇది ఎక్కితేనే మంచిది."

మామ నా మొఖం చూసిండు. గోడ మీద తను పట్టుకున్న కాడ చేతి మరక పడ్డది, దాన్ని చూసిండు. అక్కడి నుంచి మంచం దాకా చూపుతోని కొలిచిండు.

"లెక్క నీకు మంచిగ వస్తది" అన్నడు. "రాసుకో."

రాస్తున్న.

తొమ్మిది.